పాత నీళ్ళ మీటరును కాపాడుకునే మార్గాలు

మీటరు మార్చుకోవాలని నోటీసు వస్తే, చదివే ముందు అది ఏ భాషలో ఉందో చూడండి. మరాఠీలో ఉంటే మేం తెలుగువాళ్ళం, మాకు అర్థం కాలేదనండి. పాపం ఎవరైనా ఇంటిదాకా వచ్చి తెలుగులో విడమరిచి చెబితే, నోటిమాట చెల్లదు, మరాఠీలో రాసి శిక్కా వేసి ఇవ్వమనండి. మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరోంచలో ఈ రెండు మాటలతో ఒక ఏడాది తేలిగ్గా గడుస్తుంది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అంగట్లో రెండూ కలిపి, కాస్త అడవి వైపు జరిగితే మాడియా. ఇన్ని భాషలు వచ్చినవాళ్ళకు అవసరమైనప్పుడు ఒక్కటీ రాకపోవడం కూడా వచ్చి ఉండాలి.

ఆ ఏడాది గడిచాక వంతెనను వాడుకోండి. నోటీసు తెచ్చిన కుర్రాడిని అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ పోసి, నెమ్మదిగా ఇలా అడగండి:

“తమ్మీ, వంతెన దాటితె కాళేశ్వరం. మా మేనమామ ఇల్లు ఆడనే. వాళ్ళ నల్లాకు మీటర్ లేదు. నది ఒక్కటే, నీళ్ళు ఒక్కటే. ఆడ లేని మీటర్ ఈడ ఎందుకు?”

ఈ వాదంలో కొంత నిజం ఉంది. అందుకే పనిచేస్తుంది. అవతల తెలంగాణలో మిషన్ భగీరథ. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని ప్రారంభించిన పథకం. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని లెక్క వేసుకున్నారు గాని, ఎవరింటికి ఎంత వెళ్ళిందో చెప్పడానికి ఇంటింటికీ మీటరు పెట్టలేదు. తాగునీళ్ళకు మీటరేమిటని మేనమామ అడిగితే మనమూ తల ఊపుతాం. గడ్చిరోలి జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ళో, చూపు మొదట పడేది ఎప్పుడూ నది అవతలి ఒడ్డు మీదే.

ఒక జాగ్రత్త మాత్రం పాటించాలి. ఆ కుర్రాడు కాస్త తిరిగినవాడై హైదరాబాదు సంగతి ఎత్తితే వెంటనే మాట మార్చేయండి. 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం 2021 జనవరి 12న రహమత్‌నగర్‌లో అప్పటి మంత్రి కేటీఆర్ ఒక పథకం మొదలుపెట్టారు: ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఊరికే ఇచ్చే నీళ్ళను కొలవడమెందుకని మామూలు మనిషికి తోస్తుంది. ఆ నగరానికి నీళ్ళిచ్చే జలమండలికి అలా తోచలేదు. బస్తీ ఇళ్ళకు మినహాయింపు ఇచ్చి, మిగతావాళ్ళంతా పనిచేసే మీటరు చూపించాలి, కనెక్షన్‌కు ఆధార్ కలపాలి అంది. అంతకుముందు మీటరు ఆగిపోయినా తొంగి చూడనివాళ్ళు ఒక్కసారిగా ప్లంబర్ల వెంట పడ్డారు. గడువు మీద గడువు పొడిగించాల్సి వచ్చింది. బిల్లు రాకూడదంటే మీటరు తిరగాలట! ఉచితం ఎక్కడిదాకా అని చెప్పడానికి కూడా కొలత కావాలన్న సంగతి ఇలా కోటిమంది ఊళ్ళో బయటపడిపోయింది. ఇది వంతెన దాటి మన వైపు రాకుండా చూసుకోవాలి. వచ్చిందంటే మేనమామ కూడా మనల్ని కాపాడలేడు.

మీటరుకు వయసు అడగొద్దు

జర్మనీలో ఇంటి నీళ్ళ మీటరుకు ఆరేళ్ళు గడువు. జపానులో ఎనిమిదేళ్ళు. ఆ గడువు దాటిన మీటరును పక్కన పెట్టాల్సిందే, లేకపోతే మళ్ళీ పరీక్ష నెగ్గించాలి. పాపం వాళ్ళకు పుష్కరాలు లేవు, ఏదో ఒక అంకె కల్పించుకోవాల్సి వచ్చింది. మనకు ఆ అవస్థ లేదు. గురుడు మీనరాశిలో అడుగుపెడితే ప్రాణహితకు పుష్కరం. కిందటిసారి 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ఇటు సిరోంచ ఘాట్‌లోనూ అటు కాళేశ్వరంలోనూ, అర్జునగుట్ట దగ్గరా జనం మునిగారు. మీటర్ల మార్పిడిని కూడా ఆ పన్నెండు రోజులకే ముడిపెట్టమని నా సూచన. బందోబస్తు ఎలాగూ ఉంటుంది, టెంట్లు ఉంటాయి, పురోహితులు ముహూర్తం చెబుతారు. 2034లో తప్పిపోయినవాళ్ళు ఆ తర్వాతి పుష్కరానికి చూసుకోవచ్చు.

అసలు పాతది అన్న మాటే మన తాలూకాలో కొంచెం చూసుకుని అనాలి. పోచంపల్లి దగ్గర జురాసిక్ కాలం నాటి బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికితే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్ళి, అస్థిపంజరం పేర్చి నిలబెట్టారు. వడధంలో శిలాజాల పార్కే ఉంది. కోట్ల ఏళ్ళ ఎముకకు కంచె కట్టి కాపాడుకుంటున్న చోట పదిహేనేళ్ళ మీటరును పీకేస్తామనడానికి మనసెలా ఒప్పుతుంది?

పైగా ముసలి మీటరు గుణం తెలిస్తే దాని మీద ప్రేమ పెరుగుతుంది. ఇళ్ళకు పెట్టే 15 మిల్లీమీటర్ల మీటరు కడుపులో ఒక ప్లాస్టిక్ చక్రం సన్నని ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. ఇసుక ఆ ఇరుసును అరగదీస్తుంది. తుప్పు, సున్నం చక్రం చుట్టూ పేరుకుంటాయి. జాలీ సగం పూడుతుంది. కొన్నేళ్ళకు చక్రం బద్ధకిస్తుంది, ధార సన్నబడితే అసలు కదలదు. వయసు మీదపడ్డ మేనత్తలాగా గట్టిగా అరిస్తే పలుకుతుంది, మెల్లగా చెప్పింది వినిపించుకోదు. ముసలి మీటర్లలో ఎక్కువ భాగం తప్పేది తక్కువ చూపించడంలోనే. ఇంటి యజమాని వైపు మొగ్గే యంత్రం మన బతుకులో ఇంకొకటి ఏదైనా ఉందా? కరెంటు మీటరు అలా మొగ్గదు, ఆటో మీటరు అసలే మొగ్గదు.

సన్నధార సంగతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 779 ముందే ఊహించింది. బి తరగతి 15 మిల్లీమీటర్ల మీటరు గంటకు 30 లీటర్ల ధార నుంచి లెక్క చెప్పాలి. 30 నుంచి 120 దాకా నూటికి అయిదు అటూఇటూ అయినా క్షమిస్తారు. 120 దాటితే నూటికి రెండు. మరి 30కి కింద? అక్కడ మీటరును ఎవరూ ఏమీ అడగరు. ఇది కొత్త మీటరుకు పెట్టిన నియమం. అరిగిపోయినదానికి ఆ మౌనం ఇంకా పైదాకా పాకుతుంది.

అందుకని ట్యాంకీలో బాల్‌కాక్ పాడైతే బాగుచేయించకండి. నీళ్ళు రోజంతా వచ్చే ఊళ్ళో అది గంటకు పది లీటర్ల చొప్పున సన్నగా కారుతూ ఉంటే రోజుకు 240 లీటర్లు. మీటరుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే నలుగురున్న ఇంటికి 220. ఒక ఇంటివాళ్ళ రోజువారీ నీళ్ళు ఎవరి గొంతూ తడపకుండా, ఎవరి బిల్లులోనూ పడకుండా, నిశ్చింతగా మోరీలో కలుస్తాయి. గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే చోట ఇంత సాధించలేం. అయినా ఉన్నంతలో ప్రయత్నించాలి.

బకెట్ ఉన్నవాళ్ళతో జాగ్రత్త

ప్రతి గల్లీలోనూ చివరి ఇల్లు ఒకటి ఉంటుంది. పైపు అక్కడితో ఆఖరు. పైవాళ్ళందరి టిల్లు పంపులు ఆగాక ఆ ఇంటి నల్లా గురక పెట్టడం మొదలవుతుంది, ఆ గురక నీళ్ళుగా మారేలోపల వాల్వ్‌మన్ వాల్వు కట్టేస్తాడు. ఆ ఇంట్లో ఉండే వదినెకు తీరిక ఎక్కువ. నీళ్ళ కోసం కూర్చున్నంతసేపూ ఆలోచిస్తుంది. ఆలోచించేవాళ్ళే ఈ వ్యవహారంలో ప్రమాదం. ఒకరోజు నలుగురిలో నిలబెట్టి అడిగేస్తుంది:

“అన్నా, మీటర్ సరిగ తిరుగుతుందా లేదా తెలుసుకునుడు ఏం పెద్ద కష్టం? ఇరవై లీటర్ల బకెట్ పెట్టి నింపితె ఎర్ర ముల్లు చెప్పదా?”

చెబుతుంది. అక్షరాలా చెబుతుంది. డయల్ మీద నల్ల అంకెలు కిలోలీటర్లవి, ఎర్ర ముళ్ళు లీటర్లవి. నల్లా పూర్తిగా విప్పి అయిదు బకెట్లు, సన్నగా వదిలి అయిదు బకెట్లు నింపి, ప్రతిసారీ ముందు ఎంత, తర్వాత ఎంత అని రాసుకుంటే అయిపోతుంది. ధార జోరుగా ఉన్నప్పుడు వందకు వంద చూపించిన మీటరు, సన్నధారకు వందకు అరవయ్యో డెబ్బయ్యో చూపిస్తే ముసలితనం బయటపడ్డట్టే. ఇంట్లో నల్లాలన్నీ కట్టేశాక కూడా డయల్ మీద చిన్న చక్రం గిరగిర తిరుగుతుంటే గోడలోనో నేలలోనో ఎక్కడో కారుతోందని అర్థం. పైసా ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు, ఇంజనీరు రానక్కర్లేదు. ఇలాంటి విద్య గల్లీ దాటి వ్యాపించిందంటే పెద్దమనుషులకు పని ఉండదు.

కాబట్టి వెంటనే అడ్డుపడండి. బకెట్ మీద ఐఎస్‌ఐ మార్కు ఉందా అని అడగండి. కంపెనీ ఇరవై లీటర్లని రాస్తే ఇరవయ్యే పడుతుందని ఏమిటి నమ్మకం అనండి. పాల డబ్బాతో కొలిచి సరిచూశానని ఆమె చెబితే, ఆ డబ్బాను ఎవరు సరిచూశారని అడగండి. ఇలా మెట్టు మెట్టుగా ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెనక్కి నడిపించవచ్చు. అక్కడికి చేరేలోపు నీళ్ళొచ్చే టైము అయిపోతుంది.

“సరే గని, మీ మీటర్ చూపియ్యని నీళ్ళు ఎవరి లెక్కల వడ్తయి?” అని ఆమె మళ్ళీ అడిగిందనుకోండి, ఎవరి లెక్కలోనూ పడవమ్మా, అదే కదా దాని గొప్పతనం అని చెప్పి నవ్వేయండి. ఆమె బిందె తీసుకుని బోరింగు వైపు వెళ్ళిపోతుంది. మాట నెగ్గింది మీరే.

పంపు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. లైనుకు నేరుగా టిల్లు పంపు బిగించడం నేరమంటారు. నేరమే. కాని పక్కింటివాడు అర హార్స్‌పవర్ పెట్టినప్పుడు మీరు ఒకటి పెట్టకపోతే మర్యాద దక్కదు. ఆ గుంజుడుకు పైపులో ఒత్తిడి పడిపోయి, మోరీ పక్కన పగిలిన అతుకులోంచి బయటి నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ ఊటతో మీ వాటా కాస్త పెరుగుతుంది. దవాఖానా ఖర్చు నీళ్ళ బిల్లులో రాదు కాబట్టి దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

వార్డు సభలో మాట్లాడాల్సి వస్తే

చిన్న అంకెల జోలికి వెళ్ళకండి. లీటరు, బకెట్, బిందె లాంటి మాటలు సభకు చలి పుట్టిస్తాయి. టీఎంసీ అనండి, క్యూసెక్కులనండి. మన ఊరు అందుకోసమే కట్టినట్టుండే ఊరు. పక్కన ప్రాణహిత, అది కలిసే గోదావరి, తాలూకా అంచున ఇంద్రావతి. ఈ మూడింటినీ కొలవడానికి కేంద్ర జలసంఘానికి మూడు స్థావరాలున్నాయి: ప్రాణహిత మీద టేక్రా, ఇంద్రావతి మీద పాతగూడెం, గోదావరి మీద కాళేశ్వరం. వరదొచ్చినప్పుడు అక్కడి సిబ్బంది నిద్ర మానుకుని గంట గంటకూ మట్టం పంపిస్తారు. 2022 జులైలో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ దగ్గర ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె ఈ తాలూకాలో పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఎందుకంటే ఆ నీళ్ళలోనే వాళ్ళ చేలు మునిగాయి.

పాత చరిత్ర కూడా కాస్త కలపండి. 1874 దాకా సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆర్థర్ కాటన్ ఊహతో గోదావరి మీద పడవల దారి వేయాలని దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవల్‌మరి దగ్గర పని పెట్టారు. కెప్టెన్ హెయిగ్ లాంటి ఇంజనీర్లు రాళ్ళూ సుడులూ కొలిచి కొలిచి చివరికి 1871లో చేతులెత్తేశారు. నూట నలభై అయిదేళ్ళ తర్వాత, 2016 ఆగస్టు 23న, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ముంబైలో కూర్చుని మేడిగడ్డ మట్టం 100 మీటర్లు అని ఒప్పందం రాసుకున్నారు. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. 85 గేట్లు, నిల్వ 16.17 టీఎంసీలు. లీటర్లలో చెప్పాలంటే దాదాపు 45,800 కోట్లు.

ఇక్కడ గొంతు పెంచండి: “45 వేల కోట్ల లీటర్లకు రెండు దశాంశాల దాకా లెక్కగట్టిన చోట, మన ఇంటి 220 లీటర్లకు మీటరా?” చప్పట్లు ఖాయం. చప్పట్లు ఆగకముందే కూర్చోండి. లేకపోతే ఎవరో ఒకరు లేచి 2023 అక్టోబరు 21 గురించి అడుగుతారు. ఆ రాత్రి మేడిగడ్డ పియర్లు కుంగాయి, తర్వాత నీళ్ళన్నీ కిందికి వదిలేశారు. అంత కొలిచి కట్టిందే అలా అయితే, ఎన్నడూ కొలవని మన పైపుల సంగతేమిటి అన్న ప్రశ్నకు ఈ చిట్కాల్లో జవాబు లేదు.

అధికారులకు ప్రత్యేకం

ఇంటివాళ్ళకే చెప్పి ఊరుకుంటే పక్షపాతమవుతుంది. నిజానికి పాత మీటరు మీద అధికారులకున్న మమకారం ఇంటివాళ్ళ కంటే లోతైనది. ఇంటివాడికి దానివల్ల మిగిలేది నెలకు కొన్ని రూపాయలు. అధికారికి మిగిలేది ప్రశాంతత.

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నీటి సరఫరాకు కొన్ని లక్ష్యాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇరవైనాలుగు గంటల సరఫరా, నూటికి నూరు మీటర్లు, పైపుల్లో కారిపోయే నీళ్ళు, లెక్కకు రాని నీళ్ళు కలిపి నూటికి ఇరవై మించకూడదు. ఇందులో మీటర్లను మాత్రం తీసుకుని మిగతావాటికి దండం పెట్టండి. మిగతావి పని చేస్తే వస్తాయి, మీటర్లు కొంటే వస్తాయి. కొనుగోలుకు టెండరు ఉంటుంది, టెండరుకు ప్రారంభోత్సవం ఉంటుంది, ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది.

టెండరులో అన్నిటికన్నా తక్కువ ధర వేసినవాడికే ఇవ్వండి. డబ్బాలోంచి నాలుగు మీటర్లు తీసి పాలక్కాడ్‌లోని ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు పరీక్షకు పంపుదామని ఏ జూనియరైనా అంటే, కేరళ దాకా ఎందుకు, చూస్తే తెలియట్లేదా మెరుస్తున్నాయి అనండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఇళ్ళకు ఎన్ని మీటర్లైనా పెట్టండి గాని, నీళ్ళ ట్యాంకీ కింద, ఊళ్ళోకి వెళ్ళే పెద్ద పైపుకు మాత్రం మీటరు పెట్టకండి. అక్కడొకటి పెట్టారంటే పొద్దున ఎంత వదిలారో తెలుస్తుంది. ఇళ్ళ మీటర్లన్నీ కూడితే ఎంత చేరిందో తెలుస్తుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేయడం నాలుగో తరగతి పిల్లవాడికి కూడా వచ్చు. ఆ మిగులు పగిలిన పైపులో పోయిందా, దొంగ కనెక్షన్లో పోయిందా, ముసలి మీటరు మింగిందా అని జనం అడగడం మొదలుపెడితే ఇంక కుర్చీలో కూర్చోలేరు. రెండు అంకెల్లో ఒకటి లేకపోతే తీసివేత జరగదు. చాలా ఊళ్ళలో ఈ పద్ధతి ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నారు, అందువల్లే నేను దీన్ని కనిపెట్టానని చెప్పుకోలేను.

మీటర్లు పెట్టాక చదివే మనిషిని పెట్టకండి. మీటరు ఒకసారి కొనే వస్తువు, మనిషికి నెల నెలా జీతం ఇవ్వాలి. రీడింగు తీయకపోతే సగటు బిల్లు వేయవచ్చు. సగటు బిల్లు వచ్చే ఇంటివాడు నీళ్ళు పొదుపు చేసినా అంతే, పారబోసినా అంతే. కాబట్టి ఏది సుఖమో అదే చేస్తాడు, ఊరంతా సుఖంగా ఉంటుంది. మనిషి గొడవే వద్దనుకుంటే స్మార్ట్ మీటర్లు తెప్పించండి. గంటసేపు నీళ్ళొచ్చే గల్లీ నుంచి అవి మిగతా ఇరవైమూడు గంటలూ సున్నా, సున్నా అని రేడియోలో కబురు పంపిస్తూనే ఉంటాయి, బ్యాటరీ చచ్చేదాకా.

ఆ గంట నీళ్ళకు ముందు వచ్చే గాలిని కూడా చిన్నచూపు చూడకండి. ఖాళీ పైపులోకి నీళ్ళు తోసుకొస్తుంటే లోపలి గాలి నల్లాల్లోంచి బుసకొడుతూ పోతుంది, పోతూ పోతూ మీటరు చక్రాన్ని గిరగిరా తిప్పుతుంది. గాలికి బిల్లు వేశారని జనం తిడతారు, తిట్టనివ్వండి. చుక్క వదలకుండా తలసరి లీటర్లు పెంచే సదుపాయం ఇంకెక్కడ దొరుకుతుంది? నీళ్ళు ఎప్పుడూ పైపులో నిండుగా ఉంటే ఈ గాలి ఉండదని, మీటరుకు న్యాయం జరగాలంటే ముందు సరఫరా సరిచేయాలని చెప్పే ఇంజనీర్లు కొందరున్నారు. వాళ్ళను బదిలీ చేయించండి. గడ్చిరోలి జిల్లాకు వద్దు, ఇక్కడికే వచ్చేస్తారు.

సాతారా జిల్లాలో కరాడ్ పక్కన మల్కాపూర్ అనే చిన్న ఊరుంది. అదీ మహారాష్ట్రే, నాగపూరు లాంటి నగరమేం కాదు. అక్కడ ఇంటింటికీ మీటరు పెట్టి ఇరవైనాలుగు గంటలూ నీళ్ళిచ్చి, దేశమంతటి నుంచీ చూడ్డానికి వచ్చేలా చేసుకున్నారు. ఎవరైనా ఆ పేరెత్తితే చాలా దూరమని చెప్పండి. సిరోంచ నుంచి మల్కాపూర్ దూరమే కదా, అబద్ధం చెప్పినట్టు కూడా అవదు.

తప్పనిసరై మార్చాల్సి వస్తే

ఇంత చేసినా ఒకనాడు ప్లంబరు రెంచితో మీ గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. కొత్త మీటరును మొదటి రోజునుంచే ముసలిదాన్ని చేసే ఉపాయాలున్నాయి.

బిగించే ముందు పైపులోని మట్టిని కడగడానికి కొంచెం నీళ్ళు బయటికి వదలాలని అతను అంటే నీళ్ళు దండగని ఆపేయండి. ఆ ఇసుక, పాత తుప్పు రేకులు నేరుగా కొత్త జాలీలోకి వెళ్ళి కుదురుకుంటాయి. మీటరును అడ్డంగా, డయల్ ఆకాశం వైపు చూసేలా బిగించాలని దాని కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని చిన్నపిల్లలకు ఇచ్చి, మీటరును పక్కకు వాల్చి పెట్టించండి. ఇరుసు ఒకవైపే అరుగుతుంది, బి తరగతి మీటరు ఎ తరగతికి దిగిపోతుంది, సన్నధార మళ్ళీ మీ వశమవుతుంది. అయస్కాంతం జోలికి మాత్రం పోకండి. ఈ కాలపు మీటర్లకు లోపల అడ్డు రేకు ఉంటోంది. పట్టుబడితే పెనాల్టీ, పట్టుబడకపోయినా ఫలితం సున్నా. అతి తెలివి మీద నాకు నమ్మకం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పాత మీటరు విప్పే ముందు చివరి రీడింగు రాసుకోవద్దు. ఫొటో తీయొద్దు. కొత్త మీటరు సీరియల్ నంబరు, మొదటి అంకె కాగితం మీద రాయించి ప్లంబరుతో సంతకం పెట్టించే పని అసలే వద్దు. ఇవన్నీ ఉంటే ఆరు నెలల తర్వాత బిల్లు తేడా వచ్చినప్పుడు తగాదా అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. లేకపోతే పాత మీటరులో మిగిలిన బాకీ ఎంత, కొత్తది ఎక్కడ మొదలైంది అన్న దాని మీద నగర పంచాయత్ గడప దగ్గర ఏళ్ళ తరబడి కాలక్షేపం. నగరసేవకుడు, అంటే మన వార్డు కౌన్సిలరు, మీ ఇంటికి వస్తాడు, మీరు ఆయన ఇంటికి వెళ్తారు, రాకపోకలు పెరుగుతాయి.

కొత్త మీటరు బిగించాక మొదటి బిల్లు పెరుగుతుంది. పెరిగిందంటే కొత్తది తప్పని అర్థం చేసుకోండి. పాతదే తప్పుగా ఉండి ఉండొచ్చు కదా అన్న అనుమానం రాత్రిపూట వస్తుంది, పొద్దున్నే ముఖం కడుక్కుంటే పోతుంది. గల్లీ అంతా కలిసి సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. చివరి ఇంటి వదినె సంతకం అడగకండి. కొత్త మీటర్లు వచ్చాక పైవాళ్ళు పంపులు కొంచెం తొందరగా కట్టేస్తున్నారని, ఇప్పుడు తన నల్లాకు రెండు బిందెలు వస్తున్నాయని ఆమె నలుగురిలో అనేస్తే అర్జీ పాడవుతుంది.

విప్పిన పాత మీటరు మీదే అయితే భంగార్‌వాలాకు అమ్మేయండి. పాతకాలపువైతే ఇత్తడి, ప్లాస్టిక్ డయల్ పీకేసినా చేతిలో బరువు తెలుస్తుంది. బేరం మొదలుపెట్టే ముందు అతని కాటా చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికల శాఖ ముద్ర పడాలి. ఈ ఏటి ముద్ర ఉందో లేదో అడగండి, ఖాళీ పళ్ళెం మీద సున్నా చూపిస్తోందో లేదో కళ్ళతో చూడండి, ఇంట్లోంచి కిలో రాయి తెచ్చి పెట్టి సరిచూసుకోండి. పది గ్రాములు తేడా వచ్చినా అమ్మకండి.